లీటరుగారి కారూ, పదిహేడు యాప్‌లూ

ఎలక్ట్రిక్ కారుకి కావలసింది కరెంటు అనుకునే అమాయకులు ఈ లోకంలో ఇంకా మిగిలే ఉన్నారు!

కాదు మహాశయులారా, కాదు. కావలసింది యాప్. కరెంటుదేముంది, గోడలో ఉంటుంది. బల్బుకీ వస్తుంది, మిక్సీకీ వస్తుంది, వేలు పెడితే వేలికీ వస్తుంది. అడిగినవాడికల్లా వచ్చేదానికి విలువేం ఉంటుంది చెప్పండి? అంత చవకబారు సరుకుకి ఒక హోదా, ఒక మర్యాద, ఒక పాస్‌వర్డ్ తెచ్చిపెట్టిన పుణ్యం చార్జింగు యాప్‌లదే. మనిషిని దారిలో పెట్టడంలో బడి, ఉద్యోగం, పెళ్ళి చేయలేకపోయిన పనిని అవి నలభై నిమిషాల్లో చేసి చూపిస్తున్నాయి.

నమ్మరా? అయితే లీటరుగారి సంగతి వినండి.

లీటరుగారు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన చేస్తున్నది ఒకటే పని. పెట్రోలు బంకుకి వెళ్ళడం, తన వెంట తెచ్చుకున్న ఐదు లీటర్ల కొలపాత్రలో పెట్రోలు పట్టించడం, వంగి గీత దగ్గర కన్ను పెట్టి చూడడం. గీతకి కిందుంటే ఆ పంపుకి సీలు. బతిమాలినా సీలే, బెదిరించినా సీలే. "నాలుగు చెంచాలు తక్కువైతే కొంపలేం మునిగాయి సార్?" అని అడిగిన ఓనరుకి, "ఏ కొంపా మునగలేదు, నీ బంకు మూతపడింది, అంతే" అని చెప్పి కాగితం చేతిలో పెట్టిన మనిషి. అందుకే ఆ పేరొచ్చింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు.

అలాంటి మనిషి ఎలక్ట్రిక్ కారెందుకు కొన్నారు? భూమాత మీద ప్రేమతోనా? అబ్బే!

సొంత కారుకి పెట్రోలు కొట్టించుకోవడం ఆయనకి నరకంగా ఉండేది. ఆయన్ని చూడగానే బంకు మనిషికి చేతులు వణికేవి. పది లీటర్లు అడిగితే పదిన్నర పోసేవాడు. తక్కువ పోస్తే కేసు రాయొచ్చు, ఎక్కువ పోస్తే ఏం రాయాలి? ఆ అరలీటరు ఎవరిది? దాన్ని గొట్టంతో తోడించి వెనక్కిచ్చిన సందర్భాలు రెండున్నాయి. వెనక సీట్లో ఆయన భార్య ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్న సందర్భాలు కూడా సరిగ్గా ఆ రెండే.

కరెంటుకైతే భయం లేదు, మొహమాటం లేదు, తీగలో ఎంతొస్తే అంతే వస్తుంది అనుకున్నారాయన. కారు కొన్నారు.

మొదటి నెల హాయిగా గడిచింది. సాయంత్రం ఇంటి పార్కింగులో ప్లగ్గు పెట్టడం, పొద్దున్నే పీకడం. ఆఫీసు, ఇల్లు, ఆఫీసు. అంతకు మించి ఇబ్బంది లేదు. కానీ ఇబ్బంది లేకపోతే మనిషి ఎదుగుతాడా? ఎదగడు. ఎదిగే అవకాశం ఆయనకి అత్తగారి కుడి కన్ను రూపంలో వచ్చింది.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కంట్లోనూ పొర కమ్ముకొస్తోంది. దానికి ఆపరేషన్ చేయగల డాక్టరు పెద్ద ఊరి ఆస్పత్రికి రెండు నెలలకోసారి వస్తాడు, ఒక్క రోజుంటాడు, వెళ్ళిపోతాడు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఈవిడ వంతు. అది తప్పితే మళ్ళీ రెండు నెలలు. "అన్నాళ్ళు ఆ కన్ను ఆగదమ్మా," అని ఇక్కడి డాక్టరు ముందే చెప్పేశాడు.

ఆస్పత్రి రెండు వందల ఇరవై కిలోమీటర్లు. కారు నిండా చార్జి పెడితే కంపెనీవాడి పుస్తకంలో మూడు వందలు పోతుంది, రోడ్డు మీద నూట ఎనభై పోతుంది. అంటే దారిలో ఒక్కసారి చార్జింగు పెట్టుకోవాలి. ఒకే ఒక్కసారి!

"ట్యాక్సీ మాట్లాడుకుందామండీ," అంది ఆయన భార్య. ఆవిడ కాలేజీ లైబ్రేరియన్. ఏ పుస్తకం ఎవరు తిరిగివ్వరో ముఖం చూసి చెప్పగలదు.

"ఇంటి ముందు కొత్త కారు పెట్టుకుని ట్యాక్సీ ఏమిటి? ఒక యాప్ వేసుకుంటే సరిపోయె," అన్నారు లీటరుగారు.

ఆ మాట అన్నది ఆదివారం. యాప్ ఎంచుకోవడం పూర్తయింది గురువారం.

లీటరుగారికి ఏదైనా పద్ధతిగా చేయడం అలవాటు. భోజనాల బల్ల మీద గీతల రిజిస్టరు పరిచి, స్కేలు పెట్టి గళ్ళు కొట్టారు. ఎడమవైపు యాప్ పేర్లు: తీగమిత్ర, చిటికెచార్జ్, పచ్చదారి ప్లస్, పచ్చదారి ప్రో, ఇంకో పదమూడు. పైన ప్రశ్నలు: ఎన్ని చార్జర్లు? ఎన్ని పనిచేస్తాయి? యూనిట్ అంటే వీళ్ళ దృష్టిలో ఎంత?

పాఠకులారా, ఇక్కడే మొదటి మేలు గమనించండి. ఇదివరకు మనకి రోడ్డు మీద బంకు కనపడితే బంకు ఉన్నట్టే లెక్క. ఎంత మోటు పద్ధతి! ఇప్పుడు ప్రతి యాప్‌లోనూ తన చార్జర్లు మాత్రమే ఉన్న లోకం ఒకటుంది. తీగమిత్ర మ్యాపులో ఉన్న చార్జరు చిటికెచార్జ్ మ్యాపులో లేదు. అక్కడ ఖాళీ పొలం ఉంది. ఒకే రోడ్డుకి పదిహేడు రోడ్లు! ఒక్క జన్మలో ఇన్ని లోకాలు చూసే భాగ్యం మన తాతలకి దక్కిందా?

అన్ని చార్జర్లనీ చూపించే యాప్ కూడా ఒకటుంది. కాకపోతే అందులో ఏది పనిచేస్తుందో ఆ యాప్‌కి తెలియదు. దానికోసం జనం రాసిన అభిప్రాయాలుంటాయి. లీటరుగారు శ్రద్ధగా చదివారు. ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చి, "చార్జరు పనిచేయలేదు, చెట్టు నీడ బాగుంది" అని రాశాడు. ఇంకొకాయన ఒక్క నక్షత్రమిచ్చి, "చాలా బాగా పనిచేసింది, నక్షత్రాలు ఎలా నొక్కాలో తెలియలేదు" అని రాశాడు. లీటరుగారు ఆ రెండు గళ్ళలోనూ ప్రశ్నార్థకాలు వేసుకున్నారు.

ఇక అనుమతులు. ఒక యాప్ ఆయన ఎక్కడున్నారో అడిగింది. సరే, చెప్పాలి. ఫోనులో ఉన్నవాళ్ళ నంబర్లన్నీ అడిగింది. ఫోటోలు అడిగింది. మైకు అడిగింది.

"మైకెందుకే దీనికి?" అన్నారాయన అయోమయంగా.

"మనం తిట్టుకునేది వినాలిగా," అంది భార్య.

ఇంతలో తోడల్లుడు ఫోన్ చేశాడు. అతని గురించి ఒక ముక్క చెప్పాలి. అతను యాప్‌ల డిజైనరు. ఏ బటన్ ఎక్కడుండాలో నిర్ణయించడమే ఉద్యోగం. "వద్దు" అనే బటన్ ఎవరికీ కనపడకుండా పెట్టినందుకు పోయినేడాది అతనికి కంపెనీవాళ్ళు బహుమతి కూడా ఇచ్చారు. అత్తగారికి చిన్నల్లుడంటే ప్రాణం. పెద్దల్లుడి విషయానికొస్తే, "మంచివాడే, పాపం" అంటుంది.

"అన్నయ్యా, ఇందులో ఎంచుకునేదేముంది? అన్నీ వేసుకో," అన్నాడు తోడల్లుడు.

"అన్నీ ఎందుకు? నాకు కావలసింది ఒక్కచోట, ఒక్కసారి."

"అలా ఆలోచిస్తే ఎలా అన్నయ్యా? నువ్వు కరెంటు కొనుక్కోవట్లేదు. ఒక అనుభవంలో అడుగు పెడుతున్నావు."

"నాకు అనుభవం ఇరవై ఆరేళ్ళుంది. కరెంటే లేదు," అని లీటరుగారు ఫోన్ పెట్టేశారు.

చివరికి తీగమిత్రని ఎంచుకున్నారు. అన్నిటికంటే తక్కువ అడిగింది అదే. సరిగ్గా సగం దారిలో, సోఫాల షోరూము వెనక, మూడు చార్జర్లు ఉన్నాయని ఆకుపచ్చ చుక్కలు కూడా చూపించింది. ఆయన ఆ పేరు కింద స్కేలు పెట్టి రెండు గీతలు గీశారు.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదికి బయల్దేరారు. ముందు సీట్లో భార్య, వెనక సీట్లో అత్తగారు, ఆవిడ ఒళ్ళో ఆస్పత్రి ఫైలు. పదింపావుకి సోఫాల షోరూము వచ్చింది. వెనక్కి వెళ్తే నిజంగానే మూడు చార్జర్లు నిలబడి ఉన్నాయి. లీటరుగారు భార్య వైపు చూసిన చూపులో, ట్యాక్సీ సంగతి ఇంకెప్పుడూ ఎత్తకు అనే అర్థం ఉంది.

మొదటి చార్జరు తెర మీద "క్షమించండి" అని ఉంది. ఎందుకో లేదు. రెండోదానికి ఒక వ్యాను తగిలించి ఉంది. అందులో పరుపుల కంపెనీ సేల్స్‌మాన్ తన సరుకు మీదే పడుకుని నిద్రపోతున్నాడు. మూడోది ఖాళీ!

లీటరుగారు తీగమిత్ర తెరిచి, మెషీన్ మీదున్న క్యూఆర్ కోడ్ చుక్కల బొమ్మకి ఫోను చూపించారు. ఫోను తెర మీద చక్రం కాసేపు గిరగిరా తిరిగింది. తర్వాత, "ఈ స్టేషను ఇప్పుడు మా కుటుంబంలో లేదు" అంది.

కింద చిన్నక్షరాల్లో ఉంది సంగతి: మంగళవారం దాకా ఉందట. మంగళవారం దాన్ని పచ్చదారి ప్రో కొనుక్కుందట. పాత స్టిక్కరు మీద కొత్త స్టిక్కరు అంటించారు. నాలుగు రోజులు గళ్ళు కొట్టి ఎంచుకున్న సంబంధం మండపంలో మారిపోయినట్టయింది.

రెండో మేలు: నిరాడంబరత! ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న గెజిటెడ్ అధికారి, పచ్చదారి ప్రో దించుకోవడానికి సిగ్నల్ వెతుక్కుంటూ షోరూము వెనకగోడ వెంబడి ఫోను పైకెత్తి నడవడం మీరు చూసి ఉండాల్సింది. సిగ్నలు ఒక్కచోటే దొరికింది, టాయిలెట్ కిటికీ కింద. అక్కడ కూడా కుడికాలు ఇటిక మీద పెడితేనే.

యాప్ దిగింది. నంబరు కొట్టారు. ఓటీపీ పంపామంది. ఓటీపీ ఆయుష్షు ముప్పై సెకన్లు. అక్కడ సిగ్నలు వచ్చేది నలభై సెకన్లకోసారి. ఒక్కొక్క ఓటీపీ చేతికొచ్చేసరికి ప్రాణం పోయి ఉంటోంది. ఆరు పోయాక ఏడోది కొన ఊపిరితో దొరికింది.

తర్వాత పుట్టిన తేదీ. తర్వాత కారు కాగితాల ఫోటో. ఆ తర్వాత తెర మీద రంగురంగుల బొమ్మలతో ఒక ప్రశ్న వచ్చింది. లీటరుగారు దాన్ని కారు దగ్గరికి తెచ్చి బయటికి చదివారు.

"మీరు ఎలాంటి ప్రయాణికులు? సాహసి, ప్రకృతి ప్రేమికుడు, కుటుంబీకుడు."

"ఇరుక్కుపోయినవాడు అని లేదా అల్లుడుగారూ?" అంది వెనక సీట్లోంచి అత్తగారు.

కుటుంబీకుడు నొక్కారు. యాప్ చప్పట్లు కొట్టింది. "మీ వివరాలు పరిశీలిస్తున్నాం. ఇరవై నాలుగు పనిగంటల్లో మీరు మా వాళ్ళవుతారు!"

టైము పదకొండుంపావు. శుక్రవారం. ఇరవై నాలుగు పనిగంటలంటే బుధవారం.

భార్య ఆస్పత్రి ఫైలు తీసి, టైము ఇంకోసారి చూసి, మళ్ళీ లోపల పెట్టింది.

అప్పుడొచ్చింది డ్రైవింగ్ స్కూలు మేడమ్. నెత్తిన "ఎల్" అక్షరం ఉన్న చిన్న ఎలక్ట్రిక్ కారులోంచి దిగి, పరిస్థితి ఒక్క చూపులో గ్రహించింది. ఆవిడ రెండు ఫోన్లలో కలిపి ఇరవై మూడు యాప్‌లున్నాయి. రోజూ తిరిగే మనిషి కదా! పెద్దావిడ కంటి సంగతి విని, "నేను తర్వాత పెట్టుకుంటాలెండి అంకుల్, ముందు మీరు కానివ్వండి," అని తన ఫోను చూపించి లీటరుగారి కారుకి చార్జింగు మొదలుపెట్టింది.

మెషీన్ గుర్రుమంది. లీటరుగారు ఆ శబ్దాన్ని సంగీతం విన్నట్టు విన్నారు.

చూశారా? యాప్‌లే లేకపోతే ముక్కూమొహం తెలియని ఆ ఇద్దరూ ఎలా కలిసేవారు? పెట్రోలు బంకులో ఎప్పుడైనా ఒకరికొకరు ఇలా ఆసరా అయ్యారా? అవసరమే రాదు, దిక్కుమాలిన బంకు!

పది నిమిషాలయ్యాక మేడమ్‌కి ఫోన్ వచ్చింది. శిష్యురాలొకతి లైసెన్సు పరీక్షకి నిలబడి, కారు లేక ఏడుస్తోందట. "నిండితే అదే ఆగిపోతుందంకుల్," అని కారెక్కి వెళ్ళిపోయింది.

పన్నెండు నలభైకి కారు నిండింది. మెషీన్ ఇరవై నాలుగు యూనిట్లు పోశానంది. కారు తనకి పద్దెనిమిదే అందాయంది. వేడికీ, తీగకీ కొంత పోతుందనుకున్నా మరీ ఇంతా? లీటరుగారి కనుబొమలు ముడిపడ్డాయి. కానీ అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు. ప్లగ్గు లాగారు.

రాలేదు.

రెండు చేతులతో లాగారు. భార్య వచ్చి ఆయన్ని పట్టుకుని లాగింది. రాలేదు. తెర మీద తాపీగా అక్షరాలు నడిచాయి: "చార్జింగు మొదలుపెట్టినవారు తమ ఫోనులో 'ముగించు' నొక్కండి."

ఆ ఫోను డ్రైవింగ్ స్కూలు మేడమ్ చేతిసంచిలో, ఏ ఊళ్ళోనో లైసెన్సు పరీక్ష దగ్గరుంది. ఆవిడ నంబరు? పొద్దున్నుంచీ కనపడ్డ ప్రతి యాప్‌కీ నంబరిచ్చిన పెద్దమనిషి, సాయం చేసిన మనిషి నంబరు అడగడమే మర్చిపోయాడు.

మెషీన్ మీదున్న సహాయ కేంద్రానికి ఫోన్ చేశారు. "మీ కాల్ మాకెంతో ముఖ్యం," అంది ఒక తియ్యటి గొంతు. ఒకటి నొక్కమంది. నొక్కారు. నాలుగు నొక్కమంది. నొక్కారు. తొమ్మిది నొక్కమంది. నొక్కితే మొదటికొచ్చింది. మూడుసార్లు మొదటికొచ్చాక లీటరుగారి చెయ్యి వణకడం మొదలైంది. బంకుల్లో ఆయన్ని చూసి ఎంతమంది చేతులు అలా వణికి ఉంటాయో ఆయనకి తెలుసు. తనది వణకడం ఇదే మొదటిసారి.

"ఇలా ఇవ్వండి," అంది అత్తగారు కిటికీలోంచి చెయ్యి చాపి. "ఎవరూ ఏమీ నొక్కకండి. మాట్లాడకండి. ఊరుకోండి."

"ఊరుకుంటే ఎలా అమ్మా?" అంది కూతురు.

"లైన్లో మనిషుండి పలక్కపోతే అది తికమకపడుతుందే. ఇంకెవరికైనా తగిలిస్తుంది. ముప్పై ఏళ్ళు నేను చేసిందేమిటనుకున్నావు? వైరు తీసి గుచ్చేదాన్ని. ఇటు మనిషి, అటు మనిషి, మాట్లాడుకునేవారు. ఏ ఊరు కావాలండీ అని అడిగేదాన్ని గానీ, మీరు సాహసా కుటుంబీకుడా అని ఏనాడూ అడగలేదు."

నిజంగానే రెండు నిమిషాలయ్యాక ఒక మనిషి గొంతు పలికింది. అలసిపోయిన ఆడపిల్ల గొంతు. అత్తగారు జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పింది.

"అమ్మా, పక్క స్తంభం మీద ఎర్ర బటనుంటుంది. అది నొక్కితే ప్లగ్గు వదిలేస్తుంది. కానీ అది నిప్పంటుకున్నప్పుడు నొక్కాల్సింది."

"అంటుకుందనుకో తల్లీ. ఇక్కడ మా అల్లుడు భగ్గుమంటున్నాడు."

"అది నొక్కితే మిగతా చార్జర్లు కూడా ఆగిపోతాయమ్మా."

లీటరుగారు అప్పటికే బటను మీద వేలు పెట్టారు. ఆ మాట విని వేలు తీసేశారు. రెండో చార్జరు దగ్గర పరుపుల సేల్స్‌మాన్ వ్యాను ఇంకా నిండలేదు. మనలో ఎవరమైనా ఏం చేసేవాళ్ళం? కళ్ళు మూసుకుని నొక్కేసేవాళ్ళం. ఆయన వెళ్ళి వ్యాను అద్దం తట్టారు. నిద్ర లేచిన మనిషికి, తన అవసరం, అతనికి జరగబోయే నష్టం, రెండూ దాచకుండా చెప్పి, "మీరు వద్దంటే నొక్కను," అన్నారు.

భార్య అటు తిరిగి నిలబడింది. టైము ఒంటిగంట దాటుతోంది.

సేల్స్‌మాన్ కళ్ళు నులుముకుని, కారులో కూర్చున్న పెద్దావిడని చూశాడు. "నేను దీన్ని పొద్దున ఏడింటికి మొదలుపెట్టానండీ. నాలుగు ఓటీపీలు తిన్నాక దయచూపింది," అన్నాడు. మళ్ళీ వెనక్కి వాలుతూ, "నొక్కేయండి. నాకు పడుకోవడానికి పరుపులన్నా ఉన్నాయి," అన్నాడు.

నొక్కారు. మూడు మెషీన్లూ ఒక్కసారి చచ్చిపోయాయి. ప్లగ్గు ఊడి చేతికొచ్చింది.

మూడుంపావుకి ఆస్పత్రి చేరారు. పేరు మూడుసార్లు పిలిచి పక్కన పెట్టేశారు. లైబ్రేరియన్ భార్య కౌంటరు దగ్గర గొంతు పెంచకుండా, పక్కకి కదలకుండా నలభై నిమిషాలు నిలబడింది. డాక్టరు చివర్లో, కోటు తీసేసి మళ్ళీ వేసుకుని, ఆపరేషన్ చేశాడు.

ఆదివారం కట్టు విప్పారు. అత్తగారు రెప్పలు టపటపలాడించి, ఎదురుగా ఉన్న మనిషిని పరీక్షగా చూసింది. "అల్లుడుగారూ, మీ మీసం ఎప్పుడు నెరిసిందండీ?" అంది. లీటరుగారు మీసం ఒకసారి తడుముకుని, మందుల చీటీ తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం. ఆస్పత్రి పార్కింగులో వాచ్‌మన్ చూపించిన మామూలు గోడ ప్లగ్గుతో కారు నిండింది. అయినా దారిలో ఒక్కసారి ఆగక తప్పదు. ఆ సగం దారిలో ఉన్నది మళ్ళీ అదే సోఫాల షోరూము.

ఆగగానే ఫోను మోగింది. "అభినందనలు! మీరిప్పుడు పచ్చదారి ప్రో కుటుంబ సభ్యులు!" మూడు రోజుల ముందే! ఫోను చూపించారు. ఒక్క ఓటీపీ కూడా అడగలేదు. మెషీన్ వినయంగా గుర్రుమంది. భార్య సీటు వెనక్కి వాల్చుకుంది. కథ ఇక్కడ సుఖాంతం కావచ్చు. కావాలి కూడా!

కానీ లీటరుగారు కారులో కూర్చోలేదు. మెషీన్ ముందు వంగి, కళ్ళజోడు పైకి తోసి నిలబడ్డారు. అది నాలుగు యూనిట్లంది. వెళ్ళి కారులో చూశారు. మూడంది. మెషీన్‌కి ముందూ వెనకా, కిందా మీదా వెతికారు. కొలిచి అమ్మే ప్రతిదాని మీదా ఉండాల్సిన ప్రభుత్వ ముద్ర కోసం. నక్షత్రాల బొమ్మలున్నాయి. ఆకుల బొమ్మలున్నాయి. నవ్వుతున్న కుటుంబం ఉంది. ముద్ర లేదు.

ఫోనులో "ముగించు" నొక్కి, డిక్కీ తెరిచారు. సీసపు బిళ్ళలు, తీగ, ముద్ర వేసే పట్టకారు. అవి లేకుండా ఆయన ఇల్లు కదలరు. ఆ షోరూము ఆయన జిల్లా సరిహద్దుకి నాలుగు కిలోమీటర్లు ఇవతల, ఆయన పరిధిలోనే ఉంది.

భార్యకి అర్థమైంది. "ఏవండీ, ఇది ముయ్యాలంటే ముయ్యండి, కాదనను. మన కారు నిండాక ముయ్యండి. ఒక్క గంట."

ఆయన సీసపు బిళ్ళలు లెక్కపెట్టుకుంటున్నారు.

"అమ్మకి నిన్నగాక మొన్న ఆపరేషనైంది. ఇంటికి ఇంకా నూట పది కిలోమీటర్లుంది. ఇది కట్టేస్తే మనమెలా వెళ్తాం?"

"తప్పు కొలత అని తెలిశాక, నా వరకు నింపుకుని, వెనకొచ్చేవాడికి మూసేయమంటావా?" అన్నారు లీటరుగారు నెమ్మదిగా. "ఇన్నేళ్ళూ నేను మూసింది అలాంటివాళ్ళ బంకులే కదా."

ఈలోపు వెనక తలుపు తెరుచుకుంది. నల్లద్దాల అత్తగారు చేతికర్ర ఆనించుకుని దిగింది.

"వేసెయ్యండి అల్లుడుగారూ. నాకు బస్సు కొత్తేం కాదు," అంది. తర్వాత కూతురి వైపు తిరిగి, "చిన్నల్లుడైతే నింపుకుని మూసేవాడే. అసలు మూసేవాడే కాదులే," అంది. ఆ గొంతులో చిన్నల్లుడి మీద మునుపటి మురిపెం లేదు.

మూడు మెషీన్లకీ తీగ చుట్టి, సీసం నొక్కి, కాగితం మీద తేదీ, టైము, సంతకం పెట్టి అంటించారు. పని ముగించి ఫోను చూస్తే, పచ్చదారి ప్రో మ్యాపులో ఆ మూడు చుక్కలూ ఆకుపచ్చగానే మెరుస్తున్నాయి. "ఇప్పుడే రండి, ఖాళీగా ఉన్నాయి!"

ఇదీ, మహాశయులారా, చార్జింగు యాప్‌లు చేసిన మేలు. ఓపిక నేర్పాయి, స్నేహం నేర్పాయి, ఒక అధికారిని ఇటిక మీద నిలబెట్టాయి, ఒక పెద్దావిడకి అల్లుడి విలువ చూపించాయి. ఇన్నిచ్చాక కరెంటు కూడా ఇవ్వాలని అడగడం మన అత్యాశ!

కారు అక్కడే వదిలేశారు. దాన్ని సోమవారం లారీ మీద తెచ్చుకోవాలి. ముగ్గురూ సంచులు పట్టుకుని రోడ్డు మీదికొచ్చారు. అత్తగారు అడగకుండానే పెద్దల్లుడి చెయ్యి పట్టుకుంది. పావుగంటకి ఒక పాత బస్సు పొగ కక్కుకుంటూ వచ్చి ఆగింది. కిటికీ పక్క సీటు అత్తగారికి దొరికింది. ఆవిడ వెనక్కి పోతున్న చెట్లనీ, గోడల మీద రాతల్నీ ఒక్కొక్కటే చూసుకుంటోంది.

కండక్టరు వచ్చాడు. మూడు రోజుల అలవాటు కొద్దీ లీటరుగారు లేచి నిలబడి, ఫోను తీసి, పేరూ, పుట్టిన తేదీ, ఫోను నంబరూ వరసగా చెప్పడం మొదలుపెట్టారు.

కండక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"అవన్నీ నాకెందుకండీ? ఎక్కడికి వెళ్ళాలో చెప్పండి, చాలు."